అరవై దాటిన తరువాత హైదరాబాదులో తరగతి వెతుక్కునే విధానం

పెద్ద వయసువారు చేరి చదువుకోదగిన చోట్లు హైదరాబాదులో చాలా ఉన్నాయి గాని, వాటన్నిటినీ ఒక్కచోట చూపించే పట్టిక ఏదీ లేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ శిక్షణ కావలసినా కార్యాలయమే ఏర్పాటు చేసి, ఫలానా తేదీన ఫలానా చోటికి వెళ్ళమని ఉత్తర్వు ఇచ్చేది. పదవీ విరమణ చేసిన మరునాటి నుండి ఆ వెతుకులాట మన చేతిలోకి వస్తుంది. దానికీ ఒక పద్ధతి ఉన్నదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను కనుక, ఇతరులకు ఆ కాలయాపన తప్పాలనే కోరికతో ఇది వ్రాస్తున్నాను.

విరమణ చేసిన కొత్తలో నేను ఒక సంగీత శిక్షణ కేంద్రంలో ఏడాది రుసుము ఒకేసారి చెల్లించి చేరాను. తరగతి లిఫ్టు లేని భవనంలో మూడవ అంతస్తులో జరిగేది. వేళ సాయంత్రం ఆరున్నర, అంటే మా ఇంటి నుండి అక్కడికి పోయే దారి రోజంతటిలోకీ ఎక్కువగా కిక్కిరిసి ఉండే సమయం. పాఠం చక్కగానే చెప్పేవారు. కాని ఆరు వారాలకు మోకాళ్ళు సహకరించడం మానివేశాయి, కట్టిన రుసుములో ఒక్క రూపాయి కూడా తిరిగి రాలేదు. అప్పటి నుండి నేను ఎవరు అడిగినా చెప్పే మాట ఇదే: ముందుగా దూరం, వేళ, మెట్లు చూసుకోవాలి, ఆ తరువాతనే సంస్థకు ఉన్న పేరును చూడాలి.

మొదట కాగితం మీద వ్రాసుకోవలసినవి

ఏమి నేర్చుకోవాలని ఉన్నదో ఒక్క వాక్యంలో వ్రాయండి. "ఏదైనా ఉపయోగపడేది" అని వ్రాస్తే వెతుకులాట సాగదు. "మనుమరాలితో జర్మన్ భాషలో నాలుగు మాటలు మాట్లాడాలి", "ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయాలి", "త్యాగరాజ కీర్తనలు పదైనా శ్రుతి తప్పకుండా పాడాలి" అన్నట్లు వ్రాస్తే, ఎక్కడికి వెళ్ళాలో సగం తేలిపోతుంది. తరువాత పరీక్ష, సర్టిఫికెట్ కావాలా, వద్దా అన్నది నిర్ణయించుకోండి. సర్టిఫికెట్ వద్దనుకున్న వారికి దారులు ఎక్కువగా తెరచి ఉంటాయి.

ఇక ప్రయాణం సంగతి. ఇంటి నుండి గుమ్మానికి గుమ్మం నలభై నిమిషాలు దాటే తరగతి మొదటి నెల ఉత్సాహంలో బాగానే ఉంటుంది, వర్షాలు మొదలయ్యేసరికి ఆగిపోతుంది. మెట్రో మార్గానికి దగ్గరగా ఉన్నవారు ఆ మార్గం వెంబడి ఉన్న సంస్థలనే ముందుగా చూడాలి. జూబ్లీ బస్ స్టేషను నుండి ఎం.జి.బి.ఎస్. వరకు వెళ్ళే మార్గంలో చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ స్టేషన్లు ఉన్నాయి. నగరంలోని పాత గ్రంథాలయాలు, సభామందిరాలు అనేకం ఈ మార్గానికి చేరువలోనే ఉన్నాయి. మహిళలకు 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం క్రింద ఆర్.టి.సి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం అమలులో ఉన్నది కనుక, తెలంగాణ చిరునామా గల గుర్తింపు కార్డు వెంట ఉంచుకుంటే చాలు. ప్రయాణపు ఖర్చుకు వెనుకాడి ఇంటిపట్టునే ఉండిపోయిన గృహిణులు కొందరు ఈ పథకం వచ్చిన తరువాతనే తరగతులకు బయలుదేరడం నేను చూశాను.

గ్రంథాలయం నుండి మొదలుపెట్టండి

ఎక్కడ అడగాలో తెలియనప్పుడు గ్రంథాలయానికి వెళ్ళడం అన్నిటికంటే మంచి మార్గమని నా అభిప్రాయం. దీనికి కారణం పుస్తకాలు ఒక్కటే అని అనుకోరాదు. అక్కడ గోడమీద ప్రకటనలు అంటించి ఉంటాయి, పత్రికల గదిలో ప్రతిరోజూ వచ్చే పెద్దలు ఉంటారు, ఎవరు ఏ విషయం బాగా చెబుతారో వారికి తెలిసి ఉంటుంది.

సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న ప్రారంభమైంది. నిజాం రాజ్యంలో పాలనాభాష వేరై, తెలుగు చదువుకు ఆదరణ కరవైన కాలంలో, తెలుగువారు తమకు తాముగా నిలుపుకున్న సంస్థ అది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటి వారు దాని స్థాపనకు పూనుకున్నారు. బడి దాటిన వయసులో కూడా మనిషి చదువుకోవాలన్న ఆలోచనతోనే తెలంగాణలో గ్రంథాలయోద్యమం నడిచిందన్న సంగతి గుర్తుంచుకుంటే, అక్కడ అడుగు పెట్టిన విశ్రాంత ఉద్యోగికి తాను కొత్తవాడినన్న సంకోచం ఉండదు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైనది. తెలుగు, ఉర్దూ, పారశీక, ఆంగ్ల గ్రంథాలు ఒకే కప్పు క్రింద ఉన్న ఆ భవనంలో, వంశ చరిత్ర గాని ఊరి చరిత్ర గాని వ్రాయాలనుకునేవారు ఎన్ని నెలలైనా గడపవచ్చును.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం గురించి ఒక హెచ్చరిక చేయాలి. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు తెల్లవారుజామునే వచ్చి కుర్చీలు పట్టుకుంటారు. వారి జీవితాలు ఆ చదువు మీద ఆధారపడి ఉన్నవి కనుక ఆ చోటు వారికి విడిచి, మనం పత్రికల విభాగంలోనో పుస్తకాలు ఇచ్చే విభాగంలోనో పని చూసుకోవడం న్యాయం. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో గ్రంథాలయంతో పాటు ప్రసంగాలు, పుస్తకావిష్కరణలు, చర్చలు తరచుగా జరుగుతుంటాయి.

గ్రంథాలయ సభ్యత్వానికి సాధారణంగా చిరునామా ధ్రువీకరణ, ఫోటోలు, తిరిగి ఇచ్చే డిపాజిట్ అడుగుతారు. సభ్యత్వం తీసుకున్న రోజునే గ్రంథపాలకుని పరిచయం చేసుకుని, మీకు ఆసక్తి ఉన్న విషయం చెప్పి, "ఈ విషయం మీద మన దగ్గర ఎవరైనా కలుస్తుంటారా" అని అడగండి. నాకు ఛందస్సు నేర్పిన విశ్రాంత పండితుని చిరునామా అటువంటి ప్రశ్నకు జవాబుగానే దొరికింది. ఆయన తరగతికి బోర్డు గాని, కరపత్రం గాని లేదు. ఆదివారం ఉదయం ఆయన ఇంటి వరండాలో ఐదుగురం కూర్చునేవారం.

సభలు వినడం నుండి నేర్చుకోవడం వరకు

తెలుగు దినపత్రికల నగర అనుబంధాలలో ఆనాటి కార్యక్రమాల పట్టిక చిన్న అక్షరాలలో వస్తుంది. చాలామంది దానిని దాటిపోతారు. ఒక నెలపాటు ప్రతిరోజూ దానిని చదివి, మీకు పనికివచ్చే సభను, అది జరిగిన మందిరాన్ని, నిర్వహించిన సంస్థ పేరును ఒక పుస్తకంలో వ్రాసుకోండి. నెల తిరిగేసరికి అవే సంస్థల పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆ సంస్థలే మీరు వెతుకుతున్నవి.

1961లో ప్రారంభమైన రవీంద్ర భారతి, చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ, నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయపు ఎన్.టి.ఆర్. కళామందిరం, బంజారాహిల్స్‌లోని లామకాన్ ఇందుకు అనువైన చోట్లు. సంగీతం, నాట్యం, అవధానం, సాహిత్య ప్రసంగాలు, నాటకాలు, డాక్యుమెంటరీ చిత్రాలు, ఇలా ఏది ఎక్కడ ఎక్కువగా జరుగుతుందో కొన్నాళ్ళు తిరిగితే తెలుస్తుంది. సభ ముగిసిన వెంటనే లేచి వచ్చేయకుండా, కచేరీ చేసిన విద్వాంసురాలినో ప్రసంగించిన ఆచార్యునో కలిసి, "పెద్దవాళ్ళకు చెబుతారా, లేకపోతే చెప్పేవారు ఎవరైనా తెలుసా" అని అడగడానికి వెనుకాడవద్దు. సంగీత కుటుంబాలలో ఒకరు కాకపోతే మరొకరి పేరు తప్పక చెబుతారు.

సంగీత నృత్యాలు క్రమపద్ధతిలో నేర్చుకుని పరీక్షలు వ్రాయదలచినవారు రామకోటిలోని ప్రభుత్వ త్యాగరాజ సంగీత నృత్య కళాశాలను, సికింద్రాబాదులోని భక్త రామదాసు కళాశాలను, 1985లో స్థాపితమై ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పొందిన తెలుగు విశ్వవిద్యాలయాన్ని విచారించాలి. ఏ కోర్సుకు ఏ వయోపరిమితి ఉన్నదో ఆ సంవత్సరపు ప్రకటన చూసి నిర్ధారించుకోవాలి గాని, ఎవరో చెప్పిన మాట మీద ఆశ పెట్టుకోరాదు, ఆశ వదులుకోనూ రాదు.

భాషలు

భాషల విషయంలో హైదరాబాదుకు ఉన్న వసతి చాలా నగరాలకు లేదు. దోమలగూడలోని రామకృష్ణ మఠం ఆవరణలో ఉన్న వివేకానంద భాషా కళాశాలలో ఆంగ్లం, సంస్కృతం, హిందీతో పాటు విదేశీ భాషలు కూడా నేర్పుతారు. కళాశాల పిల్లలు, ఉద్యోగులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు ఒకే తరగతిలో కూర్చునే వాతావరణం అక్కడ ఉంది. కొత్త బ్యాచ్ ప్రకటన వెలువడగానే సీట్లు నిండిపోవడం వారికి అలవాటు కనుక, తేదీ ముందుగా తెలుసుకుని ఆ రోజున వెళ్ళాలి. ఫ్రెంచికి అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మనుకు గోథే జెంట్రుమ్ ఉన్నాయి. రెండింటిలోనూ ఐరోపా ప్రమాణం ప్రకారం ఏ1 స్థాయితో మొదలవుతుంది. తార్నాకలో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా ఆరంభమై, నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థ కూడా ఉద్యోగులు చేరదగిన పార్ట్‌టైమ్ భాషా కోర్సులకు పేరుపొందినది.

హిందీకి ఖైరతాబాదులోని దక్షిణ భారత హిందీ ప్రచార సభ ఉండనే ఉంది. గాంధీజీ 1918లో మద్రాసులో ప్రారంభించిన ఆ సభ పరీక్షలు ఏటా రెండు పర్యాయాలు జరుగుతాయి. చిన్నప్పుడు ప్రాథమిక, మధ్యమ వ్రాసి రాష్ట్రభాష దగ్గర ఆగిపోయినవారు ఈ తరంలో ఎందరో ఉన్నారు. పాత సర్టిఫికెట్టు బయటకు తీసి, అక్కడి నుండే కొనసాగించవచ్చునేమో సభలో అడగండి. సంస్కృతంలో మాట్లాడడం మాత్రమే ఆశించేవారికి సంస్కృత భారతి వారు నడిపే పది రోజుల సంభాషణ శిబిరాలు ఉన్నాయి.

ఉర్దూ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ నగరంలో ఏళ్ళ తరబడి ఉర్దూ వింటూ, మాట్లాడుతూ, లిపి మాత్రం చదవలేనివారు తెలుగువారిలో లెక్కలేనంతమంది. నిజాం కాలపు భూమి కాగితాలు ఉర్దూలో ఉండడం వల్ల, తాతగారి పెట్టెలో ఉన్న పత్రాన్ని చదివించుకోవడానికి ఇతరుల వద్దకు వెళ్ళవలసిన కుటుంబాలు తెలంగాణలో నేటికీ ఉన్నాయి. మాట ముందే వచ్చి ఉన్నది కాబట్టి, లిపి నేర్చుకోవడానికి శ్రద్ధగల పెద్దలకు కొద్ది నెలలు చాలు. 1998లో ఏర్పడిన గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులను ముందుగా విచారించండి. లేదా మీ పరిసరాలలోని ఉర్దూ పాఠశాలలో పనిచేసి విరమించిన ఉపాధ్యాయుని అడగండి. ఈ రెండవ మార్గమే నాకు ఎక్కువ నచ్చినది.

ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేయదలచినవారికి

మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడింది. నేడు దానిని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాము. దాని ప్రథమ ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి గారే తరువాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ దూరవిద్యా కేంద్రం ఆయన పేరు మీదనే ఉంది. ఈ మూడు సంస్థలూ నగరంలోనే అందుబాటులో ఉన్నాయి. అంబేడ్కర్ విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణం జూబ్లీహిల్స్‌లో ఉన్నా, పాఠాలకు, సందేహాలకు మీ ఇంటికి దగ్గరలోని కళాశాలలో ఉన్న అధ్యయన కేంద్రాన్ని ఎంచుకోవచ్చును. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో జనవరిలోను, జూలైలోను ప్రవేశాలు జరుగుతాయి.

పదవ తరగతి గాని ఇంటర్మీడియట్ గాని పూర్తికానివారు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో లేదా జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థలో చేరవచ్చును. ఇక్కడ కనీస వయసు ఉన్నది గాని గరిష్ఠ వయసు లేదు. జాతీయ సంస్థలో ఒకసారి నమోదైతే ఐదేళ్ళ వ్యవధిలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక్కొక్క సబ్జెక్టు చొప్పున వ్రాసి ముగించవచ్చును. మనుమల పెంపకం, ఆసుపత్రుల తిరుగుడు మధ్య చదివేవారికి ఇది ఎంత వెసులుబాటో చెప్పనక్కరలేదు.

అసలు కష్టం కాగితాల దగ్గర వస్తుంది. పదవ తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటి ఇంటిపేరు, ఆధారులో అత్తింటి ఇంటిపేరు ఉన్న మహిళలకు దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. కొందరికి పుట్టిన తేదీ కూడా రెండు చోట్ల రెండు విధాలుగా ఉంటుంది. దూరవిద్య ప్రవేశానికి ఇప్పుడు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) వారి డెబ్ ఐడి, అంటే దూరవిద్య విద్యార్థి నమోదు సంఖ్య, దానికి ముందు చదువులో వచ్చిన క్రెడిట్లను నమోదు చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా ఐడి తీసుకోవాలి. ఇవి ఆధార్ వివరాల మీద ఆధారపడతాయి. అందువల్ల ప్రవేశ ప్రకటన వచ్చేవరకు ఆగకుండా, రెండు మూడు నెలల ముందే ఆధారుకు ప్రస్తుత ఫోన్ నంబరు అనుసంధానమై ఉన్నదో లేదో చూసుకుని, పేరు తేడాకు ఏ పత్రం అంగీకరిస్తారో విశ్వవిద్యాలయపు ప్రవేశ విభాగంలో కనుక్కుని, పాత చదువు తాలూకు టి.సి., మార్కుల పత్రాలు పోయి ఉంటే నకళ్ళకు దరఖాస్తు పెట్టుకోండి. "మేము మొత్తం చూసుకుంటాం, మూడేళ్ళ డిగ్రీ ఆరు నెలల్లో ఇప్పిస్తాం" అనే మధ్యవర్తులను గుమ్మం ఎక్కనివ్వవద్దు.

తోటలు, నడకలు

డాబా మీద కూరగాయలు పండించదలచినవారికి నాంపల్లి రెడ్‌హిల్స్‌లోని ఉద్యాన శిక్షణ సంస్థలో మిద్దెతోటల శిక్షణ ఇస్తుంటారు. కూర్చుని నేర్చుకోవడం ఇష్టం లేనివారు నగరపు శిలలను కాపాడడానికి 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం వారి రాళ్ళ నడకలలోను, పాత కట్టడాల రక్షణకు పనిచేసే ఇన్‌టాక్ వంటి సంస్థల వారసత్వ నడకలలోను చేరి, ఈ నేల రెండు వందల కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైటు మీద నిలిచి ఉన్నదన్న సంగతిని కళ్ళారా చూసి తెలుసుకోవచ్చును. టోపీ, నీళ్ళ సీసా, పట్టు ఉన్న చెప్పులు తప్పనిసరి.

ఫోను ద్వారా

కేంద్ర ప్రభుత్వం నడిపే 'స్వయం' అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో కోర్సులు ప్రధానంగా జనవరిలోను, జూలైలోను మొదలవుతాయి. పాఠాలు వినడం ఉచితం, పరీక్ష వ్రాసి సర్టిఫికెట్ పొందాలంటేనే రుసుము. అయితే ఒంటరిగా చూసే పాఠం మూడవ వారానికి వెనుకబడిపోవడం సహజం కాబట్టి, అపార్టుమెంటులో ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కోర్సులో చేరి, వారానికి ఒకసారి ఒకరి ఇంట్లో కలుసుకుని చర్చించుకోవడం మేలు. ఫోను వాడకమే నేర్చుకోవలసినవారు దానినే మొదటి పాఠంగా పెట్టుకోవాలి. ఏ కోర్సుకైనా తెలియని లింకు ద్వారా డబ్బు కట్టవద్దు, ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు, మోసం జరిగిందని అనుమానం కలిగిన క్షణంలోనే 1930 అనే సైబర్ నేరాల సహాయ నంబరుకు ఫోన్ చేయండి. వయోవృద్ధులకు కావలసిన సమాచారం, సహాయం కోసం 14567 అనే ఉచిత నంబరు ఉన్నది.

రుసుము కట్టే ముందు

ఒక్క తరగతి ఉచితంగా కూర్చుని వినడానికి అనుమతి కోరండి. కాదన్నచోట చేరవద్దు. నెలనెలా గాని మూడు నెలలకొకసారి గాని కట్టవచ్చునా, మధ్యలో మానవలసివస్తే డబ్బు తిరిగి వస్తుందా అని అడిగి, జవాబును రశీదు మీద వ్రాయించుకోండి. లిఫ్టు, మరుగుదొడ్డి, మంచినీళ్ళు, వెలుతురు స్వయంగా చూడండి. కాలు ముడుచుకుని నేల మీద కూర్చోలేకపోతే కుర్చీ ఇస్తారా అన్నది సంగీతం తరగతిలో ముందే మాట్లాడుకోవాలి. వినికిడి తగ్గినవారు ముందు వరుస అడిగి తీసుకోవడంలో చిన్నతనం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలతో పాటు కలిపి చెప్పే చోట గురువుగారు పెద్దవారి తప్పును అందరి ముందు ఏ విధంగా దిద్దుతున్నారో గమనించండి. ఆ ఒక్క విషయం మీదనే మీరు నిలుస్తారా, మానేస్తారా అన్నది ఆధారపడి ఉంటుంది.

దగ్గరలో ఏదీ లేకపోతే

మీ కాలనీలోనే ఒకటి మొదలుపెట్టవచ్చును. కమ్యూనిటీ హాలులో వారానికి రెండు గంటలు అడగడానికి సంఘం కార్యదర్శికి ఒక అర్జీ చాలు. వీధిలో విశ్రాంత గణితోపాధ్యాయుడు, బ్యాంకు అధికారి, నర్సు ఉండే ఉంటారు. ఒక్కొక్కరు నెలరోజులు తమకు తెలిసినది చెబితే ఏడాది గడిచిపోతుంది. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో 1973లో విశ్రాంతుల కోసం ఒక విశ్వవిద్యాలయ కార్యక్రమం మొదలై, అనేక దేశాలకు ప్రాకింది. తరువాత ఇంగ్లండులో సభ్యులే గురువులు, సభ్యులే శిష్యులుగా ఉండే పద్ధతి దాని నుండి ఏర్పడింది. మన కాలనీలకు సరిపడేది ఈ రెండవ పద్ధతి.

అదే హాలులో మరొక తరగతి కూడా పెట్టమని నా మనవి. 2022 నుండి అమలవుతున్న ఉల్లాస్ కార్యక్రమం పదిహేనేళ్ళు దాటి చదువురాని ప్రతి ఒక్కరికీ అక్షరాలు, లెక్కలు నేర్పడానికి స్వచ్ఛంద ఉపాధ్యాయులను కోరుతున్నది. మీరు నమోదు చేసుకోవచ్చును. మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్యకు నేను సాయంత్రాలు చదువు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, అక్షరమాలతో వారం రోజులు విసిగించి, తరువాత పద్ధతి మార్చుకున్నాను. మీరు ఆ మారిన పద్ధతితోనే మొదలుపెట్టి, మొదటి రోజున నేర్చుకునే ఆమె పేరు, రెండవ రోజున ఆమె పిల్లల పేర్లు, మూడవ రోజున ఊరికి వెళ్ళే బస్సు మీది బోర్డు, నాలుగవ రోజున గ్యాసు సిలిండరు రశీదు మీది అంకెలు పలక మీద వ్రాయించండి. తరగతి వేళ మీ వీలును బట్టి పెట్టవద్దు, రాత్రి వంట ముగించి ఆమె తీరిక పడే ఎనిమిది గంటలకు పెట్టండి.